వయొలిన్ చిలక్కొయ్య

జూన్ 3

ఇవాళ వయొలిన్ మీద కూర్చోబోయాను. సోఫా మీద ఉతికిన దుప్పట్లు కుప్పగా పడున్నాయి. వాటి కింద ఉంది. నడుముకి గట్టిగా తగిలితే ఉలిక్కిపడి లేచాను కాబట్టి బతికిపోయింది.

"దీన్నిక్కడ ఎవరు పెట్టారు?" అని అరిచాను. ఇంట్లో ఉండేదే ఇద్దరం, నేనూ మా ఆవిడా. వంటింట్లోంచి జవాబు లేదు. మళ్లీ అరిచాను. ఊహూఁ.

అలక. నాకు తెలుసు. పోయిన నెల ఓ సాయంత్రం తల పగిలిపోతుంటే "ఇవాళ్టికి ఆ గీకుడు ఆపవే తల్లీ" అన్నాను. మర్నాటి నుంచి కమాను ముట్టలేదు. పెళ్లయిన దగ్గర్నుంచి పూట తప్పకుండా వాయించే మనిషి. ఒక్క మాటకి ఇంత పంతమా?

పెట్టె జిప్పు పాడై చాలాకాలమైంది. బయటే ఉంటే ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు. ఎవరో ఒకరంటే నేనే. గోడకి తగిలిస్తే పీడా పోతుంది. ఎదురుగా కనబడుతుంటే చెయ్యి ఊరుకోదు, తనే తీసి వాయిస్తుంది. అలకా తీరుతుంది.

బజార్లో ఇనప కొక్కేలు ఉన్నాయి. నాకు నచ్చలేదు. లిఫ్టుల్లో రోజంతా మనుషుల్ని ఇనపతాళ్లకి వేలాడదీసి బతికేవాణ్ణి, ఒక వయొలిన్‌ని వేలాడదీయలేనా?

జూన్ 4

అటక మీంచి పాత మంచం తలవైపు పలక దింపాను. మంచి ముదురు చెక్క. దుమ్ము తుడిస్తే లోపల ఎరుపు ఇంకా అలాగే ఉంది.

రెండు ముక్కలు చాలు. గోడకి బిగించే వెనకపలక ఒకటి. దాన్నుంచి ముందుకి నాలుకలా వచ్చేది ఒకటి. నాలుక మధ్యలో గాడి. వయొలిన్ మెడ ఆ గాడిలోకి జారుతుంది, తల పైన ఆగుతుంది. గాడి మెడకంటే వెడల్పు ఉండాలి, తలకంటే ఇరుకు ఉండాలి. అంతే కథ.

కొలతకని వయొలిన్ చేతిలోకి తీసుకున్నాను. ఇన్నేళ్లలో నేను దాన్ని పట్టుకోవడం ఇదే మొదలేమో. చాలా తేలిక. ఇంత తేలికైనదాని కోసమా ఇంత తంటా అనిపించింది.

తను గుమ్మంలో నిలబడి చూసింది. ఏం చేస్తున్నారని అడగలేదు. నేనూ చెప్పలేదు.

జూన్ 6

మాటల్లేవు.

జూన్ 8

ఇంకో సంగతి గమనించాను. భోజనాల దగ్గర కుర్చీ మార్చింది. ఎప్పుడూ నా పక్కన కూర్చునేది, ఇప్పుడు ఎదురుగా. నేను నోరు తెరిస్తే చాలు, కళ్లార్పకుండా నా నోటి వంకే చూస్తుంది. ఏదైనా వంక పెడతానేమోనని కాబోలు. కూరలో ఉప్పు లేదు. అయినా బాగుందన్నాను. ఒకసారి మాట జారినవాణ్ణి, మళ్లీ ఎందుకు?

జూన్ 9

చెక్కలు ఆఫీసు వర్క్‌షాపుకి తీసుకెళ్లాను, అక్కడ బిగింపు బల్ల ఉందని. నాతో పాటు లిఫ్టులు చూసే గ్రీజు (అసలు పేరు వాడికే గుర్తుండదు) నా రంపం కోత చూసి, "ఏంటి గురూగారూ, వీధి కుక్కకి కుర్చీ చేస్తున్నారా?" అన్నాడు.

"మా ఆవిడ వయొలిన్‌కి చిలక్కొయ్య."

"అడిగిందా?"

"అడక్కముందే చెయ్యాలి."

"అడక్కుండా చేసినవేవీ మా ఇంట్లో గోడెక్కలేదు గురూగారూ. అన్నీ మంచం కిందే" అని నవ్వాడు.

నాలుకకి గాడి తీసేటప్పుడు ఉలి జారి ఒక కొమ్ము చీలింది. పారేసి రెండో ముక్క కోశాను. ఈసారి ముందు చిన్న చిన్న బెజ్జాలు వేసుకుని, తర్వాత ఉలి పట్టాను. కుదిరింది. ఉప్పుకాగితంతో సాయంత్రం దాకా రుద్దాను. చెంపకి ఆనించుకుంటే గరుకు తగలనంత వరకు.

ఇంటికొస్తుంటే వీధి మలుపులో బ్యాంకావిడ కనబడింది. మా ఆవిడ దగ్గర వయొలిన్ పాఠాలకి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేసి చివరికి ఈవిడొక్కతే మిగిలింది. బ్యాంకు మూసేశాక వచ్చి నేర్చుకుంటుంది. పట్టుదల ఎక్కువ, వేళ్లు తక్కువ.

"ఈమధ్య మేడంగారు నన్నేమీ అనడం లేదండీ" అంది. "ఇదివరకు రెండు నిమిషాలకోసారి ఆపి తిట్టేవారు. ఇప్పుడు ఊఁ, ఇంకోసారి అంటారంతే. నేను బాగుపడ్డానంటారా?"

"పడ్డట్టే మరి" అన్నాను.

వయసుతో ఓపిక వస్తుంది. మంచిదే. ఆ ఓపికేదో నా మీద కూడా చూపిస్తే బాగుండును.

జూన్ 10

వదిన ఫోన్ చేసింది. మా ఆవిడ అక్క. వాళ్లిద్దరూ వారానికోసారి గంటల కొద్దీ మాట్లాడుకునేవాళ్లు.

"మరిదిగారూ, అది ఫోనెత్తడం లేదు. ఎత్తినా అడిగినదానికొకటి, చెప్పేదొకటి. దానికి సరిగ్గా వినబడుతోందా?"

"దానికి వినబడకపోవడమేంటి వదినా! అవతల వీధిలో అపస్వరం పలికితే ఇక్కడ మొహం చిట్లించే మనిషి. కోపం వచ్చింది, అంతే."

"ఎవరి మీద?"

"నా మీదే. ఇంకెవరున్నారు?"

"మీ మీద కోపమైతే నాతో ఎందుకు మాట్లాడదు?"

వదినకి మొదట్నుంచీ ప్రతిదానికీ ఏదో ఒక జబ్బు అంటగట్టే అలవాటు. స్టవ్ మీద పాలు పెట్టానని ఫోన్ పెట్టేశాను. ఏం పెట్టలేదు.

జూన్ 13

వార్నిష్ రెండు పూతలు వేశాను. గాడి అంచులకి నా పాత కోటు లోపలి మెత్తటి గుడ్డ అంటించాను, వయొలిన్ మెడ గీసుకుపోకుండా. కమాను తగిలించడానికి పక్కన చిన్న మేకు కూడా చెక్కదే. చూస్తే చూడబుద్ధేస్తోంది. నా చేత్తో చేశానంటే నాకే నమ్మకం కుదరడం లేదు.

జూన్ 14

హాల్లో సోఫా ఎదురుగా గోడకి బిగించాను. నా తల కంటే కొంచెం ఎత్తులో, గదిలోకి రాగానే కనబడేలా. డ్రిల్లు పెడితే గోడలోకి వెన్నలా దిగింది. నా చెయ్యి అంత కుదిరిందన్నమాట. ప్లగ్గులు కొట్టి, స్క్రూలు బిగించి, రెండు చేతులతో పట్టుకుని లాగి చూశాను. కదల్లేదు.

తను దుమ్ము చూసి చీపురుతో వచ్చింది. వయొలిన్ తగిలించి పక్కకి జరిగాను. చాలాసేపు చూసింది.

"ఎవరు పోయారని?" అంది.

"అదేం మాట?"

"చచ్చిపోయినవాళ్ల ఫోటోలా అంత ఎత్తున తగిలిస్తేనూ."

చిరాకేసింది. అణచుకున్నాను. వెనక్కి తిరిగి స్క్రూడ్రైవరు సర్దుకుంటూ, మెల్లగానే, "వాయిస్తావా?" అని అడిగాను.

"వాసనా? వార్నిష్‌దేగా. రేపటికి పోతుంది" అని దుమ్ము ఎత్తుకుని వెళ్లిపోయింది.

మాట దాటెయ్యడంలో ఈవిణ్ణి మించినవాళ్లు లేరు.

జూన్ 15

ఉంది. పడలేదు.

జూన్ 16

ఉంది. వాయించలేదు.

జూన్ 18

ఉంది. కింద నుంచి వెళుతూ తలెత్తి కూడా చూడదు. పొట్టిదాన్నని తనకి గుర్తుచేస్తోందో ఏమో, దాని వైపు వచ్చినప్పుడు తల వంచుకుని పోతుంది. చెయ్యి చాపినా అందదని ఇవాళ తోచింది. అడిగితే తీసి ఇవ్వనా? అడగాలిగా.

జూన్ 20

పడింది.

సాయంత్రం. నేను సోఫాలో పేపరు చూస్తున్నాను. తను వంటింట్లో గిన్నెలు కడుగుతోంది, వీపు హాలు వైపు. ముందు గోడలో ఏదో ఇసక రాలినట్టు చప్పుడైంది. తలెత్తేలోపే చిలక్కొయ్య, వయొలిన్, అరచేయంత సున్నం పెళ్ల అన్నీ కలిసి ఊడి వచ్చాయి. చెక్క నేలకి కొట్టుకున్న చప్పుడు ఒకటి, నాలుగు తీగలూ ఒకేసారి తెగినట్టు మూలిగిన చప్పుడు ఒకటి. ఇల్లంతా నిండింది. పక్కింటివాళ్లు కిటికీ తలుపు తీశారు.

నేను లేవలేదు. తను పరుగెత్తుకొస్తుంది, ఏమని చెప్పుకోవాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

రాలేదు.

కుళాయి ధార వినబడుతోంది. గిన్నె మీద గిన్నె పెడుతున్న చప్పుడు. మామూలుగా.

లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. "ఇదిగో" అన్నాను. గ్లాసు తొలుస్తోంది. "నీ వయొలిన్ పడిపోయింది" అన్నాను. గ్లాసు బోర్లించింది. గొంతు పెంచి మళ్లీ అన్నాను. ఇంకో గ్లాసు అందుకుంది. నాకూ ఆమెకీ మధ్య రెండడుగులు లేవు.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. గుడ్డ కోసం ఇటు తిరిగి నన్ను చూసి అదిరిపడింది.

"ఎప్పుడొచ్చారు? కాఫీ కావాలా?"

హాలు వైపు చెయ్యి చూపించాను.

వెళ్లి చూసింది. మెడ ఊడి, తీగలు మాత్రమే పట్టి ఉంచగా నేల మీద పడుంది. తీగల్ని ఎత్తిపట్టే చిన్న చెక్క గుర్రం ఎక్కడో సోఫా కిందకి పోయింది. తను వయొలిన్ ముట్టుకోలేదు. నా మొహం చూసింది.

"చప్పుడు వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది."

"పెద్దగానా?"

"పెద్దగానే."

అక్కడే, సున్నం పెళ్లల పక్కన నేల మీద కూలబడింది. నేనూ కూర్చున్నాను.

జూన్ 21

ఇవాళ ఆఫీసుకి వెళ్లలేదు. తను చెప్పింది, నేను విన్నాను.

పోయినేడాది చలికాలంలో ఎడమ చెవితో మొదలై, తర్వాత కుడిదానికీ కొంత పాకిందట. ముందు చివరి తీగ పలకడం లేదని తీగ మార్చింది. తర్వాత కమాను మార్చింది. తర్వాత అర్థమైంది. ఎడమ చెవి ఒక స్వరం చెబుతుంది, కుడి చెవి అదే స్వరాన్ని ఇంకోలా చెబుతుంది.

"నా తలలో ఇద్దరు కూర్చుని వాయిస్తుంటారు. ఒకరికొకరు పడరు" అంది. "ఎంత సరిగ్గా వాయించినా నాకు తప్పే వినబడుతుంది. తప్పు వాయించినా అంతే. ఇంకేం వాయించను?"

"మరి నేను ఆపమన్నందుకు అలిగావనుకున్నాను."

"ఎప్పుడన్నారు?"

ఆ మాట ఆమెకి వినబడనే లేదు. నేను నెలన్నరగా దాని చుట్టూ తిరుగుతున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెబితే ఏం చేస్తారు? ఓ చెక్క తెచ్చి మేకు కొడతారు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. తనకి ముందొచ్చింది. తర్వాత తను కళ్లు తుడుచుకుంది. నేను సోఫా కింద గుర్రం కోసం వెతికాను. దొరికింది.

జూన్ 23

చెవుల డాక్టరు. అద్దం ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, తలకి యంత్రం తగిలించి, చేతిలో మీట పెట్టారు. శబ్దం వినబడ్డప్పుడల్లా నొక్కాలి. బయట బల్ల దగ్గర పరీక్ష చేసే అమ్మాయి ఒక్కో బొత్తం నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా చిన్న దీపం వెలుగుతుంది. నేను ఆ పక్కనే నిలబడ్డాను. దీపం వెలిగింది. తన వేలు కదల్లేదు. మళ్లీ వెలిగింది. కదల్లేదు. చాలాసేపు అలా దీపాలు ఊరికే వెలిగి ఆరిపోయాయి. తను బుద్ధిమంతురాలైన పిల్లలా, నిటారుగా కూర్చుని, రాని శబ్దం కోసం ఎదురుచూస్తోంది.

నరం దెబ్బతిందట. పోయింది తిరిగి రాదు. చెవి యంత్రం పెట్టుకుంటే మాటలు బాగా తెలుస్తాయి. సంగీతం సంగతి చెప్పలేనన్నాడు డాక్టరు. తను అదొక్కటే అడిగింది. రెండుసార్లు అడిగింది.

వదినకి ఫోన్ చేసి చెప్పాను. "నేను చెప్పలా?" అంటుందనుకున్నాను. అనలేదు. "పక్కనుందా? ఓసారి ఇవ్వండి. పర్లేదు, నేనే గట్టిగా మాట్లాడతాను" అంది. నిజంగానే గట్టిగా మాట్లాడింది. ఫోన్ లేకపోయినా వినబడేది.

జూన్ 25

వాయిద్యాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. నోట్లో ఎప్పుడూ ఏదో నములుతూ, వచ్చినవాళ్లనల్లా తిట్టే రకం. మెడ ఊడిన చోటు చూసి, "జిగురు దగ్గర విడింది, చెక్క చీలలేదు. అదృష్టం. ఎలా పడింది?" అన్నాడు.

"గాలికి" అన్నాను.

తను ఆయన మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూసి, "ఆ గాలి ఈయనే" అంది.

ముసలాయన నములుతున్నది ఆపి మరీ నవ్వాడు. నెల పడుతుందన్నాడు.

జూన్ 28

గోడలో ఆ గుంట దగ్గర తవ్వి చూశాను. అక్కడ ఒకప్పుడు కిటికీ ఉండేదట. ఎవరో ఇటుక ముక్కలూ చెత్తా కుక్కి మూసేసి, పైన సున్నం పూసేశారు. డ్రిల్లు వెన్నలా దిగిందంటే కారణం అదీ. నా చెయ్యి కాదు. చెక్కని చెంపకి ఆనించి మరీ చూసుకున్నవాణ్ణి, గోడని ఒక్కసారి తట్టి చూడలేదు.

చిలక్కొయ్యకి ఏమీ కాలేదు. ఒక మూల సొట్ట, అంతే.

జూలై 2

యంత్రం వచ్చింది. ఎడమ చెవి వెనక చిక్కుడు గింజంత. మొదటి రోజే, "మీరు అన్నం తినేటప్పుడు ఇంత చప్పుడు చేస్తారని మర్చిపోయాను" అంది.

జూలై 5

బ్యాంకావిడ వచ్చింది. తను యంత్రం చూపించి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ తన వయొలిన్ ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది.

"అందుకా! నేను బాగుపడ్డాననుకున్నాను" అంది.

"మీ వేళ్లు చూస్తే తెలుస్తుంది, పడలేదు" అంది తను.

జూలై 19

పోయిన వారం బ్యాంకావిడ రాలేదు. ఈ వారమూ రాలేదు. తను గుమ్మం వైపు చూడటం చూశాను. వస్తుందిలే అని నోటిదాకా వచ్చింది. నాకేం తెలుసని?

జూలై 20

వయొలిన్ తెచ్చాం. అతుకు చోట సన్నటి గీత కనబడుతుంది, చూపు అక్కడే పెడితే.

డ్రిల్లు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాను. ఈసారి తట్టి చూస్తున్నాను. ఎంత తట్టినా ఎక్కడ గట్టి, ఎక్కడ డొల్ల, నా చెవికి అంతా ఒకేలా ఉంది. తను వచ్చి అరచెయ్యి గోడకి ఆనించింది.

"కొట్టండి."

కొట్టాను.

"డొల్ల. ఇటు జరగండి. ఊఁ. ఇంకా. ఇక్కడ గట్టి."

ఆవిడ చెయ్యి పెట్టిన చోట పెన్సిల్‌తో గీత గీశాను. డ్రిల్లు ఈసారి మొరాయించింది. భుజం నొప్పెట్టింది, ఎర్రటి ఇటుక పొడి రాలింది. ఎత్తు కూడా తనే చెప్పింది. తన భుజం దగ్గర.

"అంత కిందకా?"

"నాకు అందాలి. చూసుకోవడానికైతే మీరు పెట్టిన ఎత్తే బాగుంది."

జూలై 27

ఉంది. ముట్టలేదు. దగ్గరికెళ్లి దుమ్ము తుడిచింది. అంతే.

త్వరలో వాయిస్తుందని రాయబోయాను. రాయను.

ఆగస్టు 4

ఇవాళ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, తను హాల్లో వయొలిన్ భుజానికి ఆనించుకుని నిలబడి ఉంది. చెవి యంత్రం తీసి బల్ల మీద పెట్టింది. దాంతో వింటే స్వరం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుందట.

"కూర్చోండి" అంది.

ఎదురుగా కూర్చున్నాను.

"నేను ఒక్కటే స్వరం పడతాను. శ్రుతిలో ఉందో లేదో చెప్పండి."

"నాకేం తెలుస్తుంది? సంగీతం ఓనమాలు రావు."

నా నోరు చూసి అర్థం చేసుకుంది. "ఇన్నేళ్లు గోడ అవతల కూర్చుని పాఠాలన్నీ విన్నారు. ఎంతమందిని తిట్టానో విన్నారు. ఎందుకు తిట్టానో కూడా మీ చెవులకి తెలుసు. చెప్పండి."

కమాను లాగింది. పొడుగ్గా, ఒక్కటే స్వరం.

బాగా లేదు. అది తెలియడానికి సంగీతం రానక్కర్లేదు. మెట్టు ఉందనుకుని వేసిన కాలు గాల్లో దిగినట్టుంది.

"బాగుంది" అన్నాను.

కమాను దించేసింది. "నోరు బాగుందంటోంది. మొహం అనడం లేదు. మీరూ అబద్ధం చెబితే ఇంక నాకెవరు చెబుతారు?"

"శ్రుతి తగ్గింది" అన్నాను.

తల ఊపింది. మళ్లీ పట్టింది. వేలు కాస్త జరిపింది.

"ఇంకా తగ్గే ఉంది."

జరిపింది.

"ఇప్పుడు దాటిపోయావు."

"ఎంత?"

"ఎంతంటే ఏం చెప్పను? కొంచెం."

నవ్వి, వేలు వెనక్కి తెచ్చింది. చాలాసార్లు తప్పింది. తప్పిన ప్రతిసారీ చెప్పాను. చెప్పినకొద్దీ చెప్పడం సులువైంది. వెలుతురు తగ్గుతోంది. దీపం వెయ్యాలని తోచింది, లేస్తే మళ్లీ మొదటికొస్తుందేమోనని లేవలేదు.

ఒకసారి కుదిరింది. చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే నా మొహంలో చూసేసింది. వేలు అక్కడే ఉంచి, నా వంకే చూస్తూ, కమాను ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్లీ ఆ చివర్నుంచి ఈ చివరికి లాగుతూ ఉండిపోయింది.

నేను మొహం కదపకుండా కూర్చున్నాను.